మూడు తీగల దారి

మన హాస్టలు స్టడీ హాలులో కిటికీ పక్క మూలన మానిటర్ లేని కంప్యూటరు ఒకటి ఉంది. ఈ ఏడు కొత్తగా చేరిన తమ్ముళ్ళు "అన్నా, ఇది పాడైందా? మరి రోజంతా ఎందుకు ఆన్ చేసి పెడతారు?" అని అడగని వారం లేదు. ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పేకంటే వార్షికోత్సవ సంచికలో ఒకసారి రాసిపెడితే అందరికీ పనికొస్తుందని వార్డెన్ సారు అన్నారు. అందుకే ఈ నాలుగు మాటలు. మేము అంటే పైఅంతస్తు చివరి గదిలో ఉండే నలుగురం. ఇద్దరం పాలిటెక్నిక్, ఒకరం డిగ్రీ కంప్యూటర్స్, ఒకరం ఐటీఐ ఎలక్ట్రీషియన్. చేసింది నలుగురం కలిసి కాబట్టి రాస్తున్నదీ నలుగురం కలిసే.

ఆ కంప్యూటరును 2014లో మన హాస్టలు పూర్వ విద్యార్థి ఒకాయన తాను పనిచేసే ఆఫీసులో పాతవి తీసేస్తుంటే అడిగి తెచ్చి ఇచ్చారు. కోర్ టూ డ్యుయో ప్రాసెసరు, రెండు జీబీ ర్యామ్. ఇప్పటి లెక్కలో ముసలిదే. తర్వాత సీనియర్లు దానిలో ఉబుంటు సర్వర్ వేశారు. అందులో బొమ్మల తెర ఉండదు, నల్ల తెర మీద తెల్ల అక్షరాలే. మెషీను పాతదైనా లోపల ఉన్నది పాతది కాదు. పాత ప్రశ్నపత్రాలు, వాటి జవాబులు, ల్యాబ్ రికార్డులు ఏటేటా చేరుస్తూ వచ్చారు. వాటన్నిటికంటే విలువైనది 'మాటల పట్టిక'.

మనలో చాలామందిమి పది దాకా తెలుగు మీడియంలో చదివి వచ్చినవాళ్ళమే. డిప్లొమాలో చేరిన మొదటి నెల ఎలా ఉంటుందో మళ్ళీ చెప్పక్కర్లేదు. సారు 'ఫ్రీక్వెన్సీ' అంటారు. అది మనం తొమ్మిదిలో చదివిన పౌనఃపున్యమే అని తెలిసేసరికి పాఠం రెండు పేజీలు దాటిపోతుంది. రెసిస్టెన్స్ అంటే నిరోధం, ఇండక్షన్ అంటే ప్రేరణ, మాగ్నెటిక్ ఫ్లక్స్ అంటే అయస్కాంత అభివాహం. ఇట్లా ఇంగ్లీషు మాట, పక్కన తెలుగు మాట, కింద ఒక వాక్యం వివరణ. అన్నలు రాత్రుళ్ళు కూర్చుని టైపు చేసినవి రెండు వేల పైచిలుకు మాటలు. బజారులో దొరికే ఏ నిఘంటువూ మన సిలబస్ వెంట అట్లా నడవదు. దాని కాపీ ఒక పెన్‌డ్రైవ్‌లో ఉండేదట. అది చేతులు మారి మారి, మేము చేరేనాటికే కనబడకుండా పోయింది.

2023 సెప్టెంబరు ఆఖరులో ఒక సాయంత్రం పిడుగు పడింది. ఎక్కడ పడిందో తెలియదు కానీ హాలులో రెండు ట్యూబులైట్లు, ఫోన్లకు పెట్టిన చార్జర్లు నాలుగు, ఇంటర్నెట్ పెట్టె, కంప్యూటరు మానిటర్ పోయాయి. మరునాడు కంప్యూటరు ఆన్ చేస్తే ఫ్యాను తిరిగింది, డిస్కు లైటు మినుకుమినుకుమంది. ప్రాణం ఉంది. టీవీకి తగిలిస్తే బొమ్మ రాలేదు. తెలిసినవాళ్ళ దగ్గర ఇంకో మానిటర్ అడిగి తెచ్చి పెట్టాము, అదీ చీకటే. అంటే పోయింది మానిటర్ ఒక్కటే కాదు, బోర్డు మీద నుంచి బొమ్మ బయటికి వచ్చే దారి కూడా కాలింది. నెట్‌వర్క్ వైరు పెట్టే రంధ్రం దగ్గర లైటు వెలగడం మానేసింది. పిడుగు తీగల వెంట వస్తుంది. ఏ రంధ్రానికి పొడుగు తీగ తగిలి ఉందో ఆ రంధ్రమే పోయింది.

పరీక్షలు దగ్గరపడ్డాయి. మొదటి సంవత్సరం పిల్లలు పట్టిక కోసం మా గది తలుపు కొడుతున్నారు. ఇంకోవైపు, పనికిరాని సామాను జాబితా రాసి పంపాలని కాగితం వచ్చింది. విరిగిన బెంచీలు, కాలిపోయిన మోటారుతో పాటు కంప్యూటరు పేరు కూడా ఎక్కించాల్సి వచ్చేటట్టుంది. వార్డెన్ సారు "పది రోజులు ఆగుతాను. నడుస్తుందని చూపించండి, జాబితాలో రాయను" అన్నారు.

డిస్కు విప్పి వేరే కంప్యూటరులో పెట్టవచ్చు కదా అని మీరు అడుగుతారు. పెట్టవచ్చు. అప్పుడు ఫైళ్ళు దక్కుతాయి, కంప్యూటరు మాత్రం వేలానికి పోతుంది. మాకు రెండూ కావాలి.

వెనక్కి తిప్పి చూస్తే ఒక రంధ్రానికి మాత్రం ఎప్పుడూ ఏ తీగా తగిలించలేదు. తొమ్మిది సూదులున్న చిన్న పోర్టు. పైన అయిదు, కింద నాలుగు. దాన్నే సీరియల్ పోర్టు అంటారు. పిడుగు దాని జోలికి పోలేదు.

దాని సంగతి కొంచెం చెప్పాలి. సీరియల్ అంటే వరసగా అని. ఒక్కో అక్షరాన్ని బిట్లుగా విడదీసి, ఒకే తీగ మీద ఒకదాని వెనక ఒకటి పంపడం. మన మెస్సులో పళ్ళెం పట్టుకుని వరసలో నిలబడ్డట్టే, ఎవరూ పక్క నుంచి దూరడానికి లేదు. దీనికి ఆర్ఎస్-232 అనే ప్రమాణం అమెరికాలో 1960లో వచ్చింది. తీగ మీద మైనస్ 3 నుంచి మైనస్ 15 వోల్టుల మధ్య ఉంటే అది 1, ప్లస్ 3 నుంచి ప్లస్ 15 మధ్య ఉంటే 0. 1969లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో యూనిక్స్ పుట్టింది. టెలిటైప్ అనే టైపు మిషను ఇట్లాంటి తీగతోనే కంప్యూటరుకు కలిసి ఉండేది. సెకనుకు పది అక్షరాలు కాగితం మీద కొట్టేది. మన దేశంలో తపాలా ఆఫీసులో టెలిగ్రాములు కొట్టిన టెలిప్రింటరుకు అది దగ్గరి చుట్టం (ఆ టెలిగ్రాము సేవ 2013 జులైలో ఆగిపోయింది). లైనక్స్‌లో ఈరోజుకీ ప్రతి తెరనూ 'టీటీవై' అనే పిలుస్తారు, అది టెలిటైప్‌కు పొట్టి పేరు. కాబట్టి మానిటర్ లేకుండా తీగ మీద మాట్లాడటం లైనక్స్‌కు కొత్త విద్య కాదు, పుట్టింటి భాష.

కావలసినవి రెండు. మొదటిది ల్యాప్‌టాప్. మా డిగ్రీ క్లాసుమేటుది ఆదివారానికి అడిగి తెచ్చుకున్నాము. ఇప్పటి ల్యాప్‌టాపులకు సీరియల్ పోర్టు ఉండదు కనుక యూఎస్‌బీ నుంచి సీరియల్‌కు మార్చే వైరు కావాలి. హైదరాబాద్‌లో కోచింగ్‌కు వెళ్ళిన సీనియర్ అన్న కోఠి గుజరాతీ గల్లీలో కొని బస్సులో పంపాడు. ఇక్కడ ఒక జాగ్రత్త. ప్రాజెక్టుల్లో వాడే చిన్న పచ్చ, ఎర్ర బోర్డులు కూడా 'యూఎస్‌బీ సీరియల్' అనే పేరుతోనే అమ్ముతారు. అవి 5 లేదా 3.3 వోల్టులవి. వాటిని నేరుగా కంప్యూటరు వెనక తగిలిస్తే బోర్డు కాలిపోవచ్చు. మనకు కావలసింది తొమ్మిది సూదుల కొనతో వచ్చేది.

రెండోది అడ్డం మార్చిన కేబులు. ఇది తమ్ముళ్ళు బాగా అర్థం చేసుకోవాలి. మనిషికి నోరు, చెవి ఉన్నట్టు ఈ పోర్టులో 3వ సూది పలుకుతుంది, 2వ సూది వింటుంది. 5వ సూది గ్రౌండు. తిన్నగా కలిపిన కేబులైతే ఒకరి నోరు ఇంకొకరి నోటికి తగులుతుంది, ఎవరికీ ఏమీ వినబడదు. అందుకని 2ను 3కు, 3ను 2కు, 5ను 5కు కలపాలి. దీన్ని నల్ మోడెమ్ కేబుల్ అంటారు. బజారులో మాకు దొరికింది తిన్నటిది. మా ఐటీఐ వాడు రెండు కొనలు కొని, మూడు తీగలు తానే సోల్డరింగు చేశాడు. మల్టీమీటరు పెట్టి ఒక్కో తీగా 'బీప్' అనే దాకా వదిలిపెట్టలేదు. తొమ్మిదిలో ఆరు సూదులు ఖాళీ. ఆ ఆరూ మోడెము ఉన్న కాలంలో 'నేను సిద్ధం, నువ్వు సిద్ధమా' అని సైగలు చేసుకోవడానికి. మన పనికి మూడే చాలు.

కంప్యూటరుకు తగిలించే ముందు కన్వర్టరును ఒంటరిగా పరీక్షించాము. దాని 2, 3 సూదులను చిన్న తీగ ముక్కతో కలిపేసి, ల్యాప్‌టాప్‌లో పుట్టీ అనే ఉచిత ప్రోగ్రాము తెరిచి ఏదైనా టైపు చేస్తే అదే తిరిగి తెర మీదికి రావాలి. తన మాట తనకే వినబడుతుందన్నమాట. వచ్చింది. పుట్టీలో పెట్టిన లెక్కలు ఇవి: వేగం 9600, డేటా బిట్లు 8, పారిటీ లేదు, స్టాప్ బిట్ 1, ఫ్లో కంట్రోలు ఏదీ వద్దు. చివరిది మరవకండి. మూడు తీగల కేబులులో సైగల తీగలు ఉండవు కాబట్టి ఆ సైగల కోసం ఎదురుచూడమని చెప్తే ప్రోగ్రాము మౌనంగా కూర్చుంటుంది.

ఇంతవరకూ సులువు. అసలు ముడి ఇక్కడ ఉంది. కేబులు తగిలించినంత మాత్రాన కంప్యూటరు దాని మీద మాట్లాడదు. 'ఈ పోర్టు దగ్గర కూర్చుని వచ్చినవాళ్ళ పేరు అడుగు' అని లోపల ఆజ్ఞ ఇవ్వాలి. ఆజ్ఞ ఇవ్వాలంటే లోపలికి వెళ్ళాలి, వెళ్ళాలంటే తెర కావాలి. తెర లేదు.

కీబోర్డు ఉంది కదా అన్నాడు మాలో డిగ్రీ వాడు. తెర చీకటిగా ఉన్నా లోపల కంప్యూటరు 'లాగిన్' అని అడుగుతూనే ఉంటుంది. మనకు కనబడదు అంతే. కళ్ళు మూసుకుని జవాబు చెప్పినా అది వింటుంది.

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక హాలు తలుపు దగ్గరకు వేసి కూర్చున్నాము. ఆన్ చేసి డిస్కు లైటు ఆగేదాకా చూశాము. నమ్ లాక్ నొక్కితే లైటు వెలిగింది, మళ్ళీ నొక్కితే ఆరింది. అంటే వింటోంది. ఆల్ట్‌తో ఎఫ్2 నొక్కి కొత్త తెరకు వెళ్ళాము, పాత తెర మీద ఏ పిచ్చి అక్షరాలు పడి ఉన్నా ఇక్కడ శుభ్రంగా మొదలుపెట్టవచ్చని. పాస్‌వర్డు కోసం అది పెట్టిన అన్నకు ఫోన్ చేశాము. ఆయన ఏడేళ్ళ తర్వాత కూడా తడుముకోకుండా చెప్పి, తనే నవ్వాడు. ఎందుకు నవ్వాడో ఆ పాస్‌వర్డు తెలిస్తే మీకూ అర్థమయ్యేది, కానీ ఇక్కడ రాయము.

ఒకడు అక్షరం అక్షరం చదువుతున్నాడు, ఒకడు ఒక వేలితో కొడుతున్నాడు. పేరు, ఎంటర్. పాస్‌వర్డు, ఎంటర్. లోపలికి వెళ్ళామో లేదో ఎట్లా తెలుసుకోవాలి? దానికి డిగ్రీ వాడు ముందే ఉపాయం ఆలోచించి పెట్టాడు. 'ఎజెక్ట్' అని కొట్టి ఎంటర్ నొక్కాడు.

ఆ సమయానికే కామాటి అన్న చీపురు పట్టుకుని లోపలికి వచ్చి, "ఏం జేస్తున్రు రా? చీకట్ల సూదిల దారం ఎక్కిస్తున్నట్టు కూసున్నరు" అన్నాడు. ఆ మాట పూర్తి కాకముందే గుర్రుమని చప్పుడై సీడీ పెట్టే అర బయటికి వచ్చింది. "అన్నా, నోరు తెరిచింది!" అని కిటికీలోంచి తొంగి చూస్తున్న చిన్నోడు ఎవరో అరిచాడు. తలుపు వేసి లాభం లేకపోయింది. హాలు నిండిపోయింది.

తర్వాతి ఆజ్ఞ పొడుగుది. 'సుడో సిస్టమ్‌సీటీఎల్ స్టార్ట్', ఖాళీ, ఆపైన 'సీరియల్ హైఫన్ గెట్టీ', ఎట్ గుర్తు, 'టీటీవైఎస్0'. ఇందులో ఎస్ ఒక్కటి పెద్దక్షరం, మిగతావన్నీ చిన్నవి. గెట్టీ అంటే గుమ్మం దగ్గర కూర్చుని వచ్చినవాళ్ళ పేరు అడిగే ప్రోగ్రాము, మన వాచ్‌మన్ తాతలాగా. టీటీవైఎస్0 అంటే మొదటి సీరియల్ గుమ్మం. ఎంటర్ కొట్టి, పాస్‌వర్డు మళ్ళీ ఒకసారి ఇచ్చి, అందరం ల్యాప్‌టాప్ వైపు తిరిగాము. నల్ల తెర, ఓ మూల ఆకుపచ్చ గీత. ఏమీ లేదు. ల్యాప్‌టాప్ మీద ఒకసారి ఎంటర్ నొక్కాము. అప్పుడు ఒక్కో అక్షరం వచ్చి నిలబడింది, కంప్యూటరు పేరు, పక్కన 'లాగిన్' అని, పక్కన రెండు చుక్కలు.

పిడుగు పడ్డ తర్వాత ఆ మెషీను మాట చూడటం అదే మొదలు. చప్పట్లు కొట్టినవాళ్ళలో సగంమందికి ఏం జరిగిందో తెలియదు. అయినా కొట్టారు.

లోపలికి వెళ్ళి మొదట చేసింది మాటల పట్టిక తెరవడం. ఫైలు తెర మీద జారుతూ వచ్చింది. తెలుగు అక్షరాలు ఆ తెర మీద సరిగా కలవవు. ఒత్తులు విడివిడిగా, గుణింతాలు పక్కకు జరిగి ఉన్నాయి. 'పౌనఃపున్యం' అనే మాటను మేము కూడబలుక్కుని చదువుకున్నాము. యూనికోడ్ పద్ధతిలో తెలుగులో ఒక్కో గుర్తుకు 3 బైట్లు పడతాయి. ఆ మాటలో గుర్తులు 10, అంటే 30 బైట్లు. సీరియల్ తీగ మీద ప్రతి బైటుకూ ముందొకటి, వెనకొకటి కాపలా బిట్లు ఉంటాయి కనుక మొత్తం 300 బిట్లు. సెకనుకు 9600 బిట్ల వేగంతో సెకనులో 32వ వంతు. లెక్క రికార్డులో రాసుకున్నాము. ల్యాబ్‌లో చేసిన ఏ లెక్కా మాకు ఇంత బాగా అర్థం కాలేదు.

ఫైళ్ళు బయటికి తీయడానికి తీగ అక్కర్లేదు. పెన్‌డ్రైవ్ కంప్యూటరుకే గుచ్చి, తీగ మీద ఆజ్ఞ ఇస్తే కాపీ అయిపోయింది. మూడు కాపీలు చేశాము. ఒకటి వార్డెన్ సారు దగ్గర, ఒకటి మా గదిలో, ఒకటి కోఠి నుంచి వైరు పంపిన అన్నకు. నెట్‌వర్కు కోసం, కండెమ్ సామానులోనే పడి ఉన్న ఇంకో పాత డబ్బాలోంచి ఒక లాన్ కార్డు సారు అనుమతితో తీసి బిగించాము. లైనక్స్ దాన్ని డ్రైవరు అడగకుండానే గుర్తుపట్టింది. పది రోజులకు మూడు రోజులు మిగిలి ఉండగానే సారుకు చూపించాము. ఆయన కుర్చీ లాక్కుని కూర్చుని, తన ఊరి పేరు టైపు చేసి చూసుకుని, జాబితాలో ఆ వరస కొట్టేశారు.

నెట్‌వర్కు వచ్చాక తీగ ఇంకెందుకు అంటారేమో. దానికి జవాబు 2024 ఎండాకాలంలో దొరికింది. కరెంటు పోయి వచ్చి, పోయి వచ్చి, కంప్యూటరు మధ్యలో ఆగిపోయింది. మళ్ళీ ఆన్ చేస్తే నెట్‌వర్కు మీద పలకలేదు. నెట్‌వర్కు దారి అనేది కంప్యూటరు పూర్తిగా లేచి నిలబడ్డాక తెరుచుకునేది. సగంలో పడిపోతే ఆ దారి ఉండదు. కేబులు తగిలించి చూస్తే అది డిస్కులో తప్పులున్నాయని చెప్పి, ఏం చేయమంటారని అడుగుతూ ఎంతసేపటి నుంచో నిలబడి ఉంది. సరిచేయమని ఆజ్ఞ ఇచ్చాము. పావుగంటలో లేచింది.

అది అడిగేది కేబులు మీద కనబడటానికి ముందే ఒక పని చేసి ఉండాలి. లేచేటప్పుడు చదువుకునే గ్రబ్ అనే ఫైలులో 'కన్సోల్' అని రెండుసార్లు రాయాలి, ఒకటి మామూలు తెరకు, ఒకటి సీరియల్‌కు. రెండింటిలో చివర రాసినదానికే అది తన కష్టసుఖాలు చెప్పుకుంటుంది. కనుక సీరియల్‌ది చివర ఉండాలి. మేము అక్కడే వేగం 115200 అని పెట్టాము. 9600 మీద 80 అడ్డాలు 25 నిలువుల తెర నిండటానికి రెండు సెకన్లు దాటుతుంది, దీని మీద రెప్పపాటు. గెట్టీని కూడా ప్రతిసారీ దానంతట అదే లేచేటట్టు చేశాము. ఒక్కటి మాత్రం రాదు. ఆన్ చేయగానే మొట్టమొదట వచ్చే బయోస్ మాటలు మన డబ్బాలో సీరియల్ మీదికి రావు. పెద్ద సర్వర్లలో వస్తాయి.

ఈ విద్య పాత కంప్యూటర్లకే అనుకోకండి. అమీర్‌పేటలో నెట్‌వర్కింగ్ కోర్సు చేసిన మన సీనియర్ అన్న చెప్పాడు, సిస్కో రౌటరు పెట్టెలోంచి తీసి మొదటిసారి మాట్లాడేది కన్సోల్ అనే రంధ్రంలోంచే, అదీ 9600, 8, పారిటీ లేదు, 1 అనే ఇవే లెక్కలతో. ఇంటర్వ్యూలో ఆ ప్రశ్న అడిగితే మన స్టడీ హాలు మూల గుర్తు చేసుకుని జవాబు చెప్పానని ఫోన్ చేశాడు. ఉద్యోగం వచ్చిందా లేదా అని అడక్కండి, ఆయనే వచ్చి చెప్తాడు.

మాటల పట్టిక ఇప్పుడు ఫోనులో కూడా తెరుచుకుంటుంది, హాస్టలు వైఫై మీద ఉంటే చాలు. ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్స్ మాటలు బాగానే ఉన్నాయి. సివిల్ బ్రాంచి మాటలు మాత్రం ఇంగ్లీషు 'డి' అక్షరం దగ్గరే ఆగిపోయాయి. సివిల్ చదివే తమ్ముళ్ళు ఎవరైనా రాత్రి భోజనమయ్యాక మా గదికి రండి, ఎట్లా ఎక్కించాలో చూపిస్తాము. కేబులు వార్డెన్ సారు బీరువాలో రెండో అరలో నల్ల సంచిలో ఉంటుంది. రిజిస్టరులో సంతకం పెట్టి తీసుకోవాలి. తిరిగి పెట్టేటప్పుడు చుట్ట గట్టిగా చుట్టకండి, 5వ సూది దగ్గర సోల్డరింగు కొంచెం వదులుగా ఉంది.